మీథేన్ తగ్గిందా, అరుగుదల ఆగిందా? గాజు సిరంజిల్లో మేత పరీక్షలు: ప్రాజెక్టు డైరీ

ఆవు తినే మేతను బట్టి దాని పొట్టలో పుట్టే మీథేన్ ఎంత మారుతుందో కొలవడానికి ఏడు నెలలుగా చేస్తున్న పని ఇది. ఇదే పని చేయాలనుకునేవాళ్లు నేను పాడుచేసుకున్న బ్యాచ్‌లను మళ్లీ పాడుచేసుకోకూడదని రాస్తున్నాను. అందుకే ఇందులో కుదిరినవాటి కంటే కుదరనివే ఎక్కువ.

ముందుగా కావలసినంత నేపథ్యం. నెమరువేసే పశువు రూమెన్‌లో, అంటే మొదటి పెద్ద పొట్టలో, సూక్ష్మజీవులు మేతను పులియబెడతాయి. అప్పుడు హైడ్రోజన్ విడుదలవుతుంది. మీథేనోజెన్లు అనే ఆర్కియా జీవులు నాలుగు హైడ్రోజన్ అణువులను ఒక కార్బన్ డయాక్సైడ్ అణువుతో కలిపి మీథేన్ చేస్తాయి. దాదాపు అంతా త్రేన్పుల్లో, ఊపిరిలో నోటి నుంచి, ముక్కు నుంచే పోతుంది. వెనక నుంచి పోయేది చాలా తక్కువ. తిన్న మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం ఇలా గాల్లో కలుస్తుంది. 100 ఏళ్ల లెక్కలో కిలో మీథేన్ వేడి ప్రభావం 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. కానీ గాల్లో ఉండేది సుమారు 12 ఏళ్లే. ఈ రోజు తగ్గిస్తే ఫలితం మన కళ్ల ముందే కనిపించే వాయువు ఇది. నేను ఈ పనికి కూర్చోవడానికి కారణం అదే.

బతికున్న పశువు మీద కొలవాలంటే గాలి చొరబడని గది కావాలి. లేదా సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ గొట్టం పొట్టలోకి పంపి ఊపిరి నమూనాలు తీయాలి. రెండూ నా వల్ల అయ్యేవి కావు. అందుకని జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయంలో మెంకే బృందం 1979లో ప్రచురించిన గ్యాస్ పరీక్షను ఎంచుకున్నాను. 200 మిల్లీగ్రాముల ఎండు మేత, 30 మి.లీ. ద్రవం (ఒక వంతు రూమెన్ ద్రవం, రెండు వంతులు బఫర్, అంటే ఆమ్లత పెద్దగా మారకుండా ఆపే ద్రావణం), 39 డిగ్రీల వేడి, 24 గంటలు. పిస్టన్ ఎంత పైకి లేస్తే అంత గ్యాస్.

దశ 1: ప్లాస్టిక్ సిరంజిలు (1, 2 బ్యాచ్‌లు)

తేలిగ్గా దొరుకుతాయని 60 మి.లీ. ప్లాస్టిక్ సిరంజిలు 12 వాడాను. రెండు బ్యాచ్‌లూ వృథా అయ్యాయి.

రెండో బ్యాచ్‌లో 7వ నంబరు సిరంజి సాయంత్రం 4 గంటల నుంచి రాత్రి 9 దాకా 34 దగ్గరే ఉండిపోయింది. నంబరు చూడ్డానికి కాస్త తిప్పాను. అంతే, పిస్టన్ ఒక్క ఉదుటున 41కి లేచింది. అంటే అయిదు గంటలపాటు గ్యాస్ పుడుతూనే ఉంది, రబ్బరు మాత్రం గోడను పట్టుకుని కదల్లేదు. తర్వాత నీటి గొట్టం తగిలించి చూశాను. పిస్టన్ కదలడానికి దాదాపు అర మీటరు నీటి మట్టమంత ఒత్తిడి కావాల్సి వచ్చింది. ఆ ఒత్తిడికి కార్బన్ డయాక్సైడ్ మళ్లీ ద్రవంలో కరిగిపోతుంది. అలా వచ్చిన అంకె దేనికీ పనికిరాదు.

మార్చినవి:
1. 100 మి.లీ. గాజు సిరంజిలు, పిస్టన్‌కి పల్చగా వాజెలిన్.
2. మూతికి చిన్న సిలికాన్ గొట్టం, దానికి గట్టి క్లిప్పు.
3. ప్రతి సిరంజినీ ఖాళీగా నీళ్లలో ముంచి, పిస్టన్ నొక్కి బుడగలు వస్తున్నాయేమో చూడడం. పన్నెండింటిలో రెండు కారాయి.

ఇప్పటిదాకా: బ్యాచ్‌లు 2, సిరంజిలు 24, నమ్మదగిన గ్యాస్ రీడింగులు 0, మీథేన్ రీడింగులు 0.

దశ 2: చల్లబడిన ద్రవం, ఎగుడుదిగుడు వేడి (3, 4 బ్యాచ్‌లు)

రూమెన్ ద్రవం కబేళా నుంచి తెచ్చుకుంటాను. మూడో బ్యాచ్‌కి తెచ్చిన ద్రవం చచ్చిపోయింది. బ్లాంక్‌లో (మేత వేయకుండా ద్రవం ఒక్కటే పోసిన సిరంజి) 24 గంటలకి 2 మి.లీ. కూడా రాలేదు. మళ్లీ వెళ్లినప్పుడు అక్కడ పనిచేసే పెద్దాయన నా థర్మాస్ ఫ్లాస్కు చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఏమ్మా, దీన్ని వేడి చేసి తెచ్చావా?"

"లేదండీ, ఫ్లాస్కే కదా, వేడి నిలుస్తుందని..."

"గాజు చల్లగా ఉంటే ముందు అదే వేడి లాక్కుంటుంది. రేపు వేణ్నీళ్లు నింపుకుని రా. ఇక్కడ పారబోసి, వెంటనే ఇది పోసుకో. నిండా పోసుకో, గాలి మిగలకుండా."

ఆయన చెప్పినట్టు చేశాక బ్లాంక్ 8 మి.లీ. ఇచ్చింది. ఈ పరీక్ష గురించి నేను చదివిన చోట ఎక్కడా ఇంత విడమరిచి చెప్పలేదు. నిండా పోయమనడం కూడా సరైనదే, ఆ జీవులు ఆక్సిజన్ తగిలితే బతకవు.

ఇప్పుడు పాటిస్తున్న వరుస:
1. ఫ్లాస్కులో 42 డిగ్రీల నీళ్లు, బయల్దేరే ముందే.
2. పొట్ట తెరిచిన వెంటనే, పైన తేలే గడ్డి చాపనుంచి, కింద ద్రవం నుంచి రెండూ కలిపి తీసుకోవడం.
3. గంటలోపు నాలుగు మడతల నూలు గుడ్డలో పిండి వడకట్టడం. ఆ సేపంతా కార్బన్ డయాక్సైడ్ పైనుంచి వదులుతూ ఉండడం.
4. గ్లౌజులు తీయకుండా పని ముగించడం, కిటికీలు తెరిచి ఉంచడం.

నాలుగో బ్యాచ్‌లో ఇంకో తప్పు బయటపడింది. ఒకే గడ్డి వేసిన మూడు సిరంజిలు 19, 25, 28 మి.లీ. చూపించాయి. థర్మామీటరు వాటర్ బాత్ నాలుగు మూలలా పెట్టి చూస్తే 36.8 నుంచి 41.2 దాకా ఉంది. చేపల తొట్టికి వాడే చిన్న పంపు ఒకటి లోపల పెట్టాను, నీళ్లు తిరుగుతాయి. ఇప్పుడు 38.8 నుంచి 39.3. వేడి తేడా జీవుల వేగాన్ని మార్చడమే కాదు, గ్యాస్ ఘనపరిమాణాన్నీ మారుస్తుంది. 27 డిగ్రీల గదిలో బయటికి తీసి చదివితేనే 4 శాతం తక్కువ కనిపిస్తుంది. అందుకని సిరంజి నీళ్లలో ఉండగానే చదవాలి.

బఫర్ కూడా ఇక్కడే మార్చాను. మొదట వాడిన కృత్రిమ లాలాజలం వంటకంలో నత్రజని లేదు. ఎండుగడ్డిలోనూ నత్రజని తక్కువే కాబట్టి సూక్ష్మజీవులు పెరగలేక ఆగిపోయాయి. మెంకే బఫర్‌లో లీటరుకి 35 గ్రాముల సోడియం బైకార్బనేట్‌తో పాటు 4 గ్రాముల అమ్మోనియం బైకార్బనేట్ ఉంటుంది. అది వాడాక గడ్డి సిరంజిలు కదిలాయి. అందులో కలిపే రెసాజురిన్ రంగు మంచి కాపలాదారు. నీలంగా మొదలై, గులాబీకి తిరిగి, ఆక్సిజన్ పూర్తిగా పోయాక రంగు లేకుండా అవుతుంది. గులాబీగా ఉండగా రూమెన్ ద్రవం పోయకండి. ఆక్సిజన్‌ని తీసేయడానికి వేసే సోడియం సల్ఫైడ్ దగ్గరికి ఏ ఆమ్లాన్నీ రానివ్వకండి, విషవాయువు వస్తుంది.

ఇప్పటిదాకా: బ్యాచ్‌లు 4, సిరంజిలు 48, గ్యాస్ రీడింగులు 9, మీథేన్ 0.

దశ 3: మీథేన్ అనుకున్నది గాలి (5, 6 బ్యాచ్‌లు)

వచ్చిన గ్యాస్‌లో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్, మిగిలింది మీథేన్. కాస్టిక్ సోడా కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది, మీథేన్‌ను ముట్టుకోదు. కాబట్టి 24 గంటలకి మొత్తం చదివి, 10 మోలార్ కాస్టిక్ సోడా 4 మి.లీ. లోపలికి ఎక్కించి, కుదిపి, మిగిలిన గ్యాస్ చదివితే అదే మీథేన్. గ్యాస్ క్రోమటోగ్రాఫ్ (వాయువులను విడదీసి కొలిచే యంత్రం) లేనివాళ్లకి ఇదొక తేలికైన దారి.

అయిదో బ్యాచ్‌లో గడ్డికి 8 మి.లీ., పక్క సిరంజిలో అదే గడ్డికి 5, ఇంకోదానికి 6.5 వచ్చింది. మొత్తం గ్యాస్ మాత్రం మూడింటిలోనూ ఒకటే. ఆ తేడా ఎక్కడిదో అర్థంకాక రెండు రోజులు పట్టింది. చివరికి సిలిండర్ నుంచి స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్ 40 మి.లీ. ఖాళీ సిరంజిలో నింపి కాస్టిక్ సోడా ఎక్కించాను. ఏమీ మిగలకూడదు, 3 మి.లీ. మిగిలింది. మూతి గొట్టంలో, పిస్టన్ అంచున ఇరుక్కున్న మామూలు గాలి అది. గాలిలోని నత్రజనినీ కాస్టిక్ సోడా పీల్చుకోదు, అదంతా మీథేన్ ఖాతాలో పడుతోంది. అన్నింటిలో ఒకేలా ఉంటే బ్లాంక్ తీసేసినప్పుడు పోయేది. కానీ ఒకదాంట్లో 1, ఇంకోదాంట్లో 4 ఉంటోంది. గడ్డికి నిజంగా వచ్చే మీథేన్ 5 మి.లీ.లోపే అయినప్పుడు ఈ తప్పు చిన్నది కాదు.

మార్చినవి:
1. మేత వేశాక, ద్రవం పోసే ముందు, సిరంజిని గొట్టంతో సహా కార్బన్ డయాక్సైడ్‌తో మూడుసార్లు కడగడం.
2. ద్రవం పోశాక మూతి పైకి పెట్టి, వేలితో తట్టి, బుడగలన్నీ తోసేసి అప్పుడు క్లిప్పు పెట్టడం.
3. ప్రతి బ్యాచ్‌కి ముందు ఒక సిరంజితో 40 మి.లీ. పరీక్ష. 0.5 కంటే ఎక్కువ మిగిలితే ఆ రోజు బ్యాచ్ మొదలుపెట్టను.

మొత్తం గ్యాస్ ఎక్కువ వస్తే మేత అంతగా అరిగిందని సంబరపడకండి. పులియడంలో పుట్టే ఆమ్లాలు బఫర్‌లోని బైకార్బనేట్‌తో కలిసి మరికొంత కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతాయి. సిరంజిలో కనిపించే గ్యాస్‌లో దాదాపు సగం అలా బఫర్ నుంచి వచ్చేదే. అందుకే "గ్యాస్‌లో మీథేన్ ఇంత శాతం" అన్న అంకెను వేరే బఫర్ వాడినవాళ్ల అంకెతో పోల్చకూడదు.

ఇప్పటిదాకా: బ్యాచ్‌లు 6, సిరంజిలు 72, గ్యాస్ 31, మీథేన్ 11.

దశ 4: అరిగిందెంతో కూడా కొలవాలి (7, 8 బ్యాచ్‌లు)

ఈ డైరీలో ఒక్క దశే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

మీథేన్ తక్కువ వచ్చిందంటే రెండు కారణాలు ఉండొచ్చు. మేత అరుగుతూనే హైడ్రోజన్ వేరే దారి పట్టి ఉండొచ్చు. లేదా అసలు మేతే అరగకపోయి ఉండొచ్చు. రెండోది పశువుకి ఆకలి, రైతుకి నష్టం. మిగిలిన పిప్పిని తూచకపోతే ఈ రెండింటికీ తేడా తెలియదు. అందుకని బ్యాచ్ అయ్యాక పిప్పిని న్యూట్రల్ డిటర్జెంట్ ద్రావణంలో గంటసేపు మరిగించి (అంటుకున్న సూక్ష్మజీవులు పోవడానికి), వడకట్టి, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, మిల్లీగ్రాము దాకా చూపే తూకం మీద తూస్తున్నాను.

ఏడో బ్యాచ్‌లో గడ్డి 71 శాతం అరిగినట్టు వచ్చింది. ఎండుగడ్డి 24 గంటల్లో అంత అరగదు. కారణం నేను పోసిన కాస్టిక్ సోడానే. క్షారం గడ్డి పీచును కరిగిస్తుంది. మీథేన్ కోసం ఎక్కించింది పిప్పిని తినేసింది. 12 రీడింగులూ పోయాయి.

పరిష్కారం రెండో సిరంజి:
1. మేత సిరంజి మూతికి మూడు దారుల స్టాప్‌కాక్ (తిప్పితే దారి మారే చిన్న కుళాయి), దాని రెండో దారికి ఖాళీ గాజు సిరంజి.
2. 24 గంటలకి మొత్తం గ్యాస్ చదివి, గ్యాస్‌ను మాత్రమే రెండో సిరంజిలోకి తోయడం. ద్రవం చుక్క కూడా వెళ్లకూడదు.
3. మూడో దారి నుంచి కాస్టిక్ సోడా 4 మి.లీ. రెండో సిరంజిలోకి.
4. 10 నిమిషాలు కుదిపి, 39 డిగ్రీల నీళ్లలో 5 నిమిషాలు ఉంచి చదవడం. ద్రావణం 4 మి.లీ. తీసేయడం మర్చిపోవద్దు.
5. వెంటనే సిరంజి విప్పి కడగడం. ఆలస్యమైతే క్షారానికి గాజు పిస్టన్ బిగుసుకుపోతుంది. నాకు ఒకటి అలా పోయింది.

దీనివల్ల ఇంకో మేలు జరిగింది. గ్యాస్ ఒక్కటే ఉన్నప్పుడు 10 మోలార్ అక్కర్లేదు. 63 మి.లీ. గ్యాస్ అంతా కార్బన్ డయాక్సైడ్ అనుకున్నా 2.5 మిల్లీమోల్, దానికి 5 మిల్లీమోల్ కాస్టిక్ సోడా చాలు. 2 మోలార్ 4 మి.లీ.లో 8 ఉంది. చేతి మీద పడినా ప్రమాదం కాస్త తక్కువ. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి.

తూకంలోనూ ఒక పొరపాటు దిద్దాను. నా గడ్డిలో తేమ 9 శాతం. 200 మిల్లీగ్రాములు తూస్తే లోపలికి వెళ్లేది 182. ఇప్పుడు 220 తూస్తున్నాను. ప్రతి మేతనీ 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, 1 మిల్లీమీటరు జల్లెడ పట్టి, కొద్దిగా తీసి 105 దగ్గర తేమ చూసుకోవాలి.

ఇప్పటిదాకా: బ్యాచ్‌లు 8, సిరంజిలు 96, గ్యాస్ 54, మీథేన్ 33, అరుగుదల 11.

దశ 5: గడ్డి, పచ్చి మొక్కజొన్న, గింజ (9, 10, 11 బ్యాచ్‌లు)

ఇక్కడి నుంచి ప్రతి బ్యాచ్ అమరిక ఒకటే: మూడు బ్లాంకులు, మూడు ప్రమాణ గడ్డి, మిగిలిన ఆరింటిలో రెండు కొత్త మేతలు మూడేసి చొప్పున. ప్రమాణ గడ్డి అంటే ఒకే మోపు నుంచి తీసి, ఒకే డబ్బాలో దాచిన వరిగడ్డి పొడి. ఒక రోజు ద్రవం బలంగా, ఒక రోజు బలహీనంగా ఉంటుంది. ఈ గడ్డి అంకె చూస్తేనే ఆ రోజు ఎలాంటిదో తెలుస్తుంది.

గింజ పిండి మొదటిసారి పిస్టన్‌ని పైదాకా తోసేసింది. 18వ గంటకి ఒకటి ఊడి నీళ్లలో పడింది. 200 మిల్లీగ్రాములు దానికి ఎక్కువ. 120కి తగ్గించి, లెక్కలో 200కి సరిచేశాను.

200 మిల్లీగ్రాముల ఎండు మేతకి, బ్లాంక్ తీసేశాక, సగటు:
- వరిగడ్డి: గ్యాస్ 26 మి.లీ., మీథేన్ 4.6, అరిగింది 46 శాతం. అరిగిన గ్రాముకి మీథేన్ 50 మి.లీ.
- పచ్చి మొక్కజొన్న మేత: గ్యాస్ 44, మీథేన్ 6.4, అరిగింది 70 శాతం. గ్రాముకి 46.
- మొక్కజొన్న గింజ: గ్యాస్ 62, మీథేన్ 7.3, అరిగింది 92 శాతం. గ్రాముకి 40.

మీథేన్ అంకె ఒక్కటే చూస్తే వరిగడ్డే అన్నిటికంటే మంచిది, గింజే చెడ్డది! చివరి అంకె చూస్తే వరుస తలకిందులవుతుంది. దీనికి కారణం రసాయనంలో ఉంది. పీచు పులిసినప్పుడు ఎసిటేట్ ఎక్కువ వస్తుంది, దానితో హైడ్రోజన్ విడుదలవుతుంది. పిండి పదార్థం పులిసినప్పుడు ప్రొపియోనేట్ వాటా పెరుగుతుంది, అది హైడ్రోజన్‌ను వాడేసుకుంటుంది. మీథేనోజెన్లకి మిగిలేది తగ్గుతుంది. దాదాపు అంతా గింజే తినిపించే ఫీడ్‌లాట్ (మాంసం కోసం ఒకేచోట ఉంచి మేపే) పశువులకి శక్తి నష్టం 3 శాతమనీ, మామూలు మేత తినే పశువులకి 6.5 శాతమనీ ఐపీసీసీ (వాతావరణ మార్పును అంచనా వేసే ఐక్యరాజ్యసమితి సంఘం) 2006లో లెక్క వేసింది ఇందుకే.

అలాగని గింజ కుమ్మరించమని చెప్పడం లేదు. గింజ ఎక్కువైతే బతికున్న పశువు పొట్ట పులిసిపోతుంది, మేత మానేస్తుంది, ప్రాణం మీదికి రావచ్చు. నా సిరంజిలో బఫర్ ఆ ప్రమాదాన్ని దాచేస్తుంది. గింజ సిరంజిలో 24 గంటల తర్వాత కూడా పీహెచ్ 6.6 ఉంది. సిరంజి అంకెను పశువు మీద పెట్టేటప్పుడు ఇది గుర్తుండాలి. నెమరువేసే జంతువు గొప్పతనమే మనం తినలేని గడ్డిని పాలుగా మార్చడం. దాన్ని పక్కనపెట్టి గింజ లెక్క చూడడం నాకు సరైన దారిగా అనిపించదు.

ఇప్పటిదాకా: బ్యాచ్‌లు 11, సిరంజిలు 132, గ్యాస్ 88, మీథేన్ 66, అరుగుదల 45.

దశ 6: నూనె, నేను మోసపోయిన రోజు (12, 13, 14 బ్యాచ్‌లు)

పన్నెండో బ్యాచ్‌లో గడ్డి మీద పొద్దుతిరుగుడు నూనె రెండేసి చుక్కలు వేశాను. మీథేన్ 4.6 నుంచి 1.9కి పడింది. 59 శాతం తక్కువ! ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు పిప్పి తూచాక విషయం తెలిసింది. అరుగుదల 46 నుంచి 27 శాతానికి పడిపోయింది. పిప్పి ముట్టుకుంటే వేళ్లకి జిడ్డు. గడ్డి పీచు మీద నూనె పొరలా పట్టేసింది.

రెండు చుక్కలు తూచి చూస్తే 50 మిల్లీగ్రాములు. 200 మిల్లీగ్రాముల మేతకి అది 25 శాతం. ఏ పశువూ అంత కొవ్వు తినదు. మొత్తం మేతలో కొవ్వు 6, 7 శాతం దాటితేనే పీచు అరుగుదల, మేత తినే మోతాదు పడిపోతాయి. దశ 4 చేసి ఉండకపోతే ఆ 59 శాతాన్ని నేను అందరికీ చెప్పేసి ఉండేదాన్ని.

దిద్దిన పద్ధతి:
1. 24 గ్రాముల గడ్డి పొడి, 1 గ్రాము నూనె. అంటే 4 శాతం.
2. రోట్లో పది నిమిషాలు నూరి, మళ్లీ జల్లెడ పట్టి, మళ్లీ నూరడం.
3. అందులోంచి తూచి సిరంజిలో వేయడం. చుక్కలతో పని పెట్టుకోవద్దు.

ఫలితం: మీథేన్ 4.0, అంటే 13 శాతం తక్కువ. అరుగుదల 45 శాతం, దాదాపు కదల్లేదు. అరిగిన గ్రాముకి 44 మి.లీ. పెద్ద అంకె కాదు గానీ ఇది నిజమైన తగ్గుదల. బతికున్న పశువుల మీద చేసిన పరీక్షల్లో కూడా ఒక శాతం కొవ్వు చేర్చితే మీథేన్ 3.5 నుంచి 5.6 శాతం దాకా తగ్గినట్టు వచ్చింది, నా అంకె ఆ కింది అంచుకి కాస్త దిగువన ఉంది. కొవ్వు పులియదు కాబట్టి దాని వంతు హైడ్రోజన్ రాదు. పైగా అసంతృప్త కొవ్వు ఆమ్లాలు మీథేనోజెన్లనీ, వాటికి ఆశ్రయమిచ్చే ప్రోటోజోవాలనీ దెబ్బతీస్తాయి.

ఇప్పటిదాకా: బ్యాచ్‌లు 14, సిరంజిలు 168, గ్యాస్ 123, మీథేన్ 101, అరుగుదల 79.

దశ 7: సుబాబుల్ ఆకు (15, 16 బ్యాచ్‌లు)

సుబాబుల్ ఆకులో టానిన్లు (వగరు పదార్థాలు) ఉంటాయి. ఒక్క ఆకే వేస్తే మీథేన్ 3.4, అరుగుదల 62 శాతం, అరిగిన గ్రాముకి 27 మి.లీ. ఇప్పటిదాకా అన్నిటికంటే తక్కువ. ఇది టానిన్ల పనేనా అని చూడ్డానికి టానిన్లను పట్టి బంధించే పాలీఇథిలీన్ గ్లైకాల్ కలిపి ఇంకో మూడు సిరంజిలు పెట్టాను. మీథేన్ 5.1కి లేచింది. అంటే చాలా వరకు టానిన్ల పనే. గ్లైకాల్ వేసిన సిరంజిల పిప్పి తూకం మాత్రం వాడకండి. టానిన్‌తో కలిసి అది కరగని ముద్దగా పిప్పిలోనే ఉండిపోతుంది. ఆ అరుగుదల రీడింగులు కొట్టేశాను.

70 వంతుల గడ్డి, 30 వంతుల ఆకు కలిపితే మీథేన్ 4.3, అరుగుదల 51 శాతం, గ్రాముకి 42. విడివిడి అంకెల సగటు కూడా దాదాపు ఇంతే. కలిపినందువల్ల అదనపు మేలేమీ రాలేదు, ఆకు వంతు ఆకుది, గడ్డి వంతు గడ్డిది. ఈ ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం కూడా ఉంటుంది. దాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా లేని పశువులకి ఎక్కువ పెడితే వెంట్రుకలు రాలతాయి, థైరాయిడ్ దెబ్బతింటుంది. 30 వంతులు దాటకపోవడానికి కారణం అదే.

సముద్రపు నాచు, 3-ఎన్ఓపీ (మీథేన్ తగ్గించడానికి మేతలో కలిపే ఒక రసాయనం) ఎందుకు పరీక్షించలేదని కొందరు అడుగుతున్నారు. ఆస్పరగోప్సిస్ నాచులోని బ్రోమోఫాం, 3-ఎన్ఓపీ రెండూ మీథేన్ తయారయ్యే చివరి మెట్టునే ఆపేస్తాయి. 2021లో వచ్చిన ఒక పరిశోధనలో ఆ నాచు కొన్ని కోడెల్లో మీథేన్‌ను 80 శాతం దాకా తగ్గించింది. 3-ఎన్ఓపీకి యూరోపియన్ యూనియన్ 2022లో అనుమతిచ్చింది. కానీ ఆ మెట్టు ఆగితే వాడుకోని హైడ్రోజన్ గ్యాస్‌గా పోగుపడుతుంది. హైడ్రోజన్‌నూ కాస్టిక్ సోడా పీల్చుకోదు. నా పద్ధతిలో అది మీథేన్‌గానే లెక్కకొస్తుంది. ఈ సామానుతో వాటిని కొలిస్తే తప్పు అంకె వస్తుంది, అందుకే ముట్టుకోలేదు.

ఇప్పటిదాకా: బ్యాచ్‌లు 16, సిరంజిలు 192, గ్యాస్ 146, మీథేన్ 124, అరుగుదల 91.

దశ 8: యూరియా గడ్డి (17, 18, 19 బ్యాచ్‌లు)

1. ఎండు వరిగడ్డి 1 కిలో, యూరియా 40 గ్రాములు, నీళ్లు అర లీటరు.
2. యూరియా పూర్తిగా కరిగాక గడ్డి మీద సమంగా చల్లి, చేత్తో కలిపి, మందపాటి కవరులో గాలి లేకుండా తొక్కి మూతి కట్టడం.
3. 21 రోజులు కదపకుండా ఉంచడం.
4. విప్పాక ఒక రోజు ఆరబోయడం. మొదటిసారి ముఖం దగ్గర పెట్టుకుని విప్పాను, అమోనియాకి కళ్లు మండి అరగంట తెరవలేకపోయాను. ఆరుబయట, దూరంగా విప్పండి.

మొదటి కవరులో ఒక మూల గడ్డి బూజు పట్టింది. అక్కడ చిన్న చిల్లు ఉంది. బూజు పట్టిన గడ్డి పారేశాను, పశువుకి పెట్టకూడదు. బాగున్న గడ్డి ముదురు పసుపు రంగుకి తిరిగి, పట్టుకుంటే మెత్తగా వంగుతుంది. మామూలు గడ్డి పుటుక్కున విరుగుతుంది.

కొలతలు: మీథేన్ 5.2, మామూలు గడ్డికి 4.6. పెరిగింది. అరుగుదల 46 నుంచి 55 శాతానికి పెరిగింది. అరిగిన గ్రాముకి 50 నుంచి 47కి తగ్గింది.

సిరంజిలో మీథేన్ పెరిగితే ఇది చెడ్డ మేతా? ఒక లెక్క వేసి చూడండి. కిలో ఎండు మేతలో 18.45 మెగాజౌల్స్ శక్తి, అందులో 6.5 శాతం మీథేన్‌గా పోతుంది, కిలో మీథేన్‌లో 55.65 మెగాజౌల్స్. రోజుకి 10 కిలోల ఎండు మేత తిని 5 లీటర్ల పాలిచ్చే ఆవు 215 గ్రాముల మీథేన్ వదులుతుంది, లీటరుకి 43 గ్రాములు. అదే ఆవుకి అరిగే మేత దొరికి 14 కిలోలు తిని 12 లీటర్లు ఇస్తే 302 గ్రాములు, లీటరుకి 25. ఒళ్లు నిలబెట్టుకోవడానికి కావలసిన మేత రెండు సందర్భాల్లోనూ ఒకటే. పైన తిన్నదే పాలవుతుంది. అయితే ఈ లాభం నిలవాలంటే పాలు పెరిగినందుకు పశువుల సంఖ్య తగ్గాలి, లేకపోతే గాల్లోకి పోయే మొత్తం పెరుగుతుంది. ఈ షరతు చెప్పకుండా లీటరు లెక్క ఒక్కటే చెప్పడం నిజాయితీ కాదు.

పై లెక్కలో కిలో మేతకి 21.5 గ్రాముల మీథేన్. నా సిరంజిల్లో వరిగడ్డికి 4.6 మి.లీ. అంటే కిలోకి 14 గ్రాములు (39 డిగ్రీల దగ్గర 1 మి.లీ. మీథేన్ 0.625 మిల్లీగ్రాములు). సిరంజి ఆవు కాదు. అందుకే నా అంకెలను మేతకీ మేతకీ పోల్చడానికే వాడుతున్నాను, పశువు ఎంత వదులుతుందో చెప్పడానికి వాడను.

ఇప్పటిదాకా: బ్యాచ్‌లు 19, సిరంజిలు 228, గ్యాస్ 182, మీథేన్ 159, అరుగుదల 126.

20వ బ్యాచ్ రేపు. యూరియా గడ్డి మూడు సిరంజిల్లో, అదే గడ్డికి 4 శాతం నూనె నూరి మూడు. అరిగే గుణం పెంచిన గడ్డికి నూనె తగ్గింపు కూడా తోడవుతుందా, లేక నూనె వచ్చి అరుగుదలను వెనక్కి లాగుతుందా అన్నది చూడాలి. తూకాలు అయిపోయాయి, స్టాప్‌కాక్‌లకి వాజెలిన్ పెట్టాను, 40 మి.లీ. పరీక్షలో 0.4 మిగిలింది. కబేళాకి తెల్లవారుజామున 4 గంటలకే వెళ్లాలి. ఫ్లాస్కులో పోయడానికి వేణ్నీళ్లకి 3:30కి అలారం పెట్టుకున్నాను.